పద్దులో ఆరు

నవ్వుకున్నా సరే,
ముప్పై నాలుగేళ్లు నేను చదివింది ఖాళీ అరల గురించి.
కంప్యూటర్ ఆరు ఉన్నాయంటుంది,
అరలో చెయ్యి పెడితే దుమ్ము తగులుతుంది.
ఆ ఆరుకీ ఈ దుమ్ముకీ మధ్య జానెడు జాగాలోనే
నా ఉద్యోగం, నా ఇంటి అప్పు,
ట్రోన్‌హైమ్‌లో నది వైపు కిటికీ ఉన్న గది.

మొదటి చలికాలం పడవెక్కి
హెస్ట్‌హోల్మెన్ దీవికి వెళ్ళాను.
చంకలో అట్ట, చెవి మీద పెన్సిలు,
వేళ్ల దగ్గర కత్తిరించిన ఉన్ని తొడుగులు.
దీవికంతా ఓడ్‌వార్ కొట్టు ఒక్కటే:
గాలాల నుంచి గోధుమరంగు జున్ను దాకా
పద్దెనిమిది వందల నలభై రకాలు.
అన్నీ లెక్కపెట్టాను.
పగిలిన గుడ్లు కూడా, పగిలినవని రాసి.
ఓడ్‌వార్ మాటకారి కాదు.
కాఫీ పోసేవాడు. నేను లెక్క తప్పినప్పుడు మాత్రం
గొంతు సవరించుకునేవాడు.

చెవి మిషను బ్యాటరీలు: పద్దులో ఆరు, కొక్కేనికి నాలుగు.
మిగతా రెండూ గల్లా కింద సొరుగులో,
రబ్బరు బ్యాండు చుట్టి.
"బోర్గ్‌హిల్డ్‌వి," అన్నాడు.
అవతలి రాతిదిబ్బ మీద ఉంటుందట,
గురువారం విడిచి గురువారం వస్తుందట,
అవి లేకపోతే రేడియోలో గాలివాన కబురు వినపడదట.
"డబ్బు కట్టిందా?"
"వచ్చినప్పుడు కడుతుంది."

నా అట్ట మీద ఐదు నిలువు గడులు:
దొంగతనం. పాడైనవి. స్కానింగ్ తప్పు. సరఫరా తప్పు.
తప్పుచోట ఉన్న సరుకు.
ఐదో గడిలో రెండు గీతలు గీశాను.

ఆ రెండు గీతలూ ఎంత దూరం పోయాయో!
తొమ్మిది కొట్లలో అలాంటివి నాలుగు వందల పదకొండు;
కలిపితే ఒక పట్టిక, పట్టికకొక సూత్రం,
సూత్రంలో ఒక గ్రీకు అక్షరం, దాని నెత్తిన చిన్న టోపీ.
రెండో సమీక్షకుడు మూడుసార్లు తిప్పి పంపాడు.
నమూనా చిన్నదన్నాడు, ఇంగ్లీషు బాగాలేదన్నాడు,
మనుషుల గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు.
అడగనందుకు సంతోషించాను కూడా.
అచ్చయింది. డాక్టరేటు. ఆ తర్వాత ఆచార్య పీఠం.
ఓస్లో నుంచి దుకాణాల గొలుసు వాళ్ళొచ్చి
పన్నెండు వందల కొట్లలో నా సూత్రాన్ని బిగించారు.
ఆర్డర్లు వాటంతటవే రాసుకోవడం మొదలెట్టాయి.
వెంట ఒక పేజీ నియమావళి,
కింద ఆధారంగా నా వ్యాసం:
గల్లా కింద సరుకు ఉంచరాదు.

ఓడ్‌వార్ కొట్టూ ఆ గొలుసులోనే కలిసింది.
సొరుగు ఊడదీసి చూయింగ్ గమ్ పెట్టారట.
ఆ ఫిబ్రవరిలో బోర్గ్‌హిల్డ్
ఖాళీ కొక్కెం చూసి వెనక్కి పడవెక్కిందని,
వేసవికల్లా ఒడ్డున కూతురి దగ్గరికి మారిపోయిందని
క్రిస్మస్ కార్డులో రెండు ముక్కలు రాశాడు.
నింద లేదు. సంతకం పక్కన,
"ఈసారి గుడ్లు పగల్లేదు."

కొసరుకి గడి లేదు నా అట్ట మీద.
కాకిలెక్కలు పట్టుకోవడానికి బయల్దేరినదాన్ని,
కాకి ఎవరి కోసం దాచిందో అడగలేదు.

మొన్న పదవీ విరమణ ఉపన్యాసంలో
చివరి స్లైడు తీసేసి ఇదే చెప్పాను.
చప్పట్లు కొట్టారు. కేకు మీద ఇంగెబ్యోర్గ్‌లో
ఒక అక్షరం తక్కువ. అదీ లెక్కపెట్టాను.
హోకున్ అనే కుర్రాడు, తెలివైనవాడు,
"ఆరో గడి చేరిస్తే సరిపోదా?" అన్నాడు.
ఆ వయసులో నేనూ అదే అడిగేదాన్ని.

ఇంటికెళ్తూ మలుపులో కొట్టు దగ్గర ఆగాను.
ఫోనులో ఆరు అని ఉంది, అరలో యాలకుల్లేవు.
అరలు సర్దుతున్న ఫిల్మోన్, ఎరిత్రియా కుర్రాడు,
అటూ ఇటూ చూసి ఏప్రాన్ జేబులోంచి ఒక పొట్లం తీశాడు.
"ఒకామెకని ఉంచాను, శనివారం గాని రాదు.
రేపు లారీలో ఎలాగూ వస్తాయి. పట్టుకెళ్ళండి."

పద్దులో ఆరున్నంతసేపు
ఏ లారీ యాలకులు తేదు.
ఆ సూత్రం రాసినదాన్ని, నాకు తెలుసు.
పొట్లం తిరిగి అతని జేబులోనే పెట్టి
చేతిలో మిషను అడిగి తీసుకున్నాను.
నిల్వ ఎంత, అని అడిగింది.
సున్నా నొక్కాను.
అబద్ధం. జేబులో ఒకటుంది.