ఆ మూల

టెక్కలి పాతసామాన్ల కొట్టు వెనక
మలేరియా శాఖ వదిలేసిన వ్యాను డబ్బా.
మొత్తం అల్యూమినియం. కిలోల లెక్కన కొన్నాను.

రివిట్టు తలలు ఒక్కోటీ డ్రిల్లుతో ఊడదీస్తూ
దాలినాయుడు నాలుగొందల దగ్గర లెక్క మానేశాడు.
లోపలి రేకు విప్పితే
కందిరీగల మట్టిగూళ్ళు, చావని మందు వాసన,
పెన్సిలుతో ఎవరిదో రాత:
"ఈ మూల కారతాది. సూసుకో."

చూసుకున్నాం.
సీలెంటు పూసి, పైకెక్కి బిందెలతో నీళ్ళు గుమ్మరించి
మళ్ళీ చూసుకున్నాం.
ఆ మూలే కారింది.

మధ్యాహ్నానికి డబ్బా అట్లపెనం.
థర్మాకోల్ అంటిద్దామన్నాను.
"ఉద్దానపోళ్ళం. పీచుండగా
ఆ తెల్లట్టలేటి బావూ?"
డిల్లమ్మ కవిటి నుంచి మోపులు దింపించింది.
సున్నంనీళ్ళలో ముంచి, మూడెండలు ఆరబెట్టి,
డబ్బా పక్కటెముకల సందుల్లో
బాలింత నడుముకి గుడ్డ బిగించినట్టు
కూరింది.

నిన్న రాత్రి వాన.
లోపలే పడుకున్నాను.
నెత్తిన డప్పులు మోగుతాయనుకున్నా.
పక్కింట్లో ఎవరో చేట చెరుగుతున్నట్టు,
అంతే.

తెల్లారి, మూయకుండా వదిలిన ఆ ఒక్క మూలలో
పాత రాత కింద
"ఇంకా కారతాది" అని రాసి
రేకు బిగించేశాను.