తక్కువ ఆందోళన

దోర్నాల రేంజి ఆఫీసులో నా పని
బొమ్మలు చూడటం.
చెట్లకు కట్టిన కెమెరాల్లోంచి కార్డులు ఊడదీసి
నెలకోసారి తెచ్చిస్తాడు మండ్ల ఈదన్న,
చేతిసంచిలో, జొన్నరొట్టెల పక్కన.
కార్డుకి నాలుగు వేల ఫొటోలు.
పులికి ఒక ఫోల్డరు, చిరుతకి ఒకటి,
ఎలుగుబంటికీ చిన్నది ఉంది.
పందికి లేదు.
కనబడితే తీసెయ్యమన్నారు,
జాగా చాలదని.

అట్లా నేను తీసేసిన వాటిలో
ఒకదాని ఎడమచెవి చిరిగి ఉండేది.
మృగశిర కార్తెలో దాని వెనక ఏడు పిల్లలు,
నక్కదోసకాయల్లా ఒళ్లంతా చారలు.
పుబ్బలో అయిదు.
చిత్తకి చారలు మాసి నాలుగే మిగిలాయి.
తగ్గిన వాటిలో ఒకటి పులి ఫోల్డరులోనే ఉంది,
పులి నోట్లో.
పులి నెంబరు రాసుకున్నారు.

గోడ మీద ఒక కాగితం,
ఎవరో ట్రైనింగుకి పోయి తెచ్చింది,
లోకంలోని అడవిపందులన్నీ వరసగా.
అందులో ఆఫ్రికా నదీపంది
ఎర్ర ఇటుక రంగు,
చెవుల కొసలకి కుచ్చులు,
వెన్ను పొడుగునా సున్నం వేలితో గీసినట్టు తెల్లగీత.
ఎంత సింగారమో!
కింద చిన్న అక్షరాల్లో: తక్కువ ఆందోళన.
మన నల్లదాని కిందా అదే మాట.

ఈదన్నకి చదివి వినిపించాను.
"ఎవురికి తక్కువ?" అన్నాడు.
కాసేపాగి తనే అన్నాడు
"మా అవ్వ గడ్డలకి పోతే పంది ఎనకాలే పొయ్యేది సామీ.
అది కుళ్లగించిన కాడ నేల మెత్తంగుంటది,
వాన లోపలికి దిగుద్ది.
మళ్లేడు గడ్డ లావుగా ఊరుద్ది."
ఇది రాయడానికి నా దగ్గర గడి లేదు.

గాలెమ్మకి గడి ఉంది.
రెండెకరాల శనక్కాయ, నాలుగో దరఖాస్తు.
మంగలి షాపుల్లో వెంట్రుకలు గోతానికెత్తి
గట్లన్నీ చల్లింది, పాతచీరలు కట్టింది,
రాత్రంతా నూనెడబ్బా వాయించి
గొంతు బొంగురుపోయి వచ్చింది.
"మీ పందుల్ని మీరు కట్టేసుకోండయ్యా!"
పంట, విస్తీర్ణం, నష్టం చేసిన జంతువు.
అక్కడ రాశాను: పంది.
ఈ ఆఫీసులో ఆ మాట నేను రాసేది
ఆ ఒక్క గడిలోనే.

స్వాతి కార్తెలో, తెల్లారుజామున,
ఎవరిదో చేను గట్టు మీద తీగ.
పంచనామాకి ఫొటోలు నేనే తీశాను.
ఎడమచెవి.
మూతికి ఇంకా తడిమన్ను.
తీగ ఎవరిదని ఎవరూ అడగకముందే
గాలెమ్మ ఆఫీసు మెట్ల దాకా వచ్చింది,
"నేను కట్టలా" అంది,
తలుపు పట్టుకుని నిలబడింది చాలాసేపు.
మంచినీళ్లిచ్చాను. తాగలేదు.

కేసుకి నెంబరు పడింది, ఫోల్డరు తెరిచాను.
సాక్ష్యం కదా, తీసెయ్యకూడదట.
అట్లా దానికి జాగా దొరికింది.

విశాఖ వానల తర్వాత ఈదన్న తెచ్చిన కార్డులో
అదే చెట్టు, అదే దారి, రాత్రి రెండు గంటల నలభై.
నాలుగు పందులు
ఎటు పోవాలో తెలియనట్టు మూతులు తలా ఒక దిక్కుకి.
తర్వాత ఫొటోల్లో అవి లేవు.
కుళ్లగించిన గుంటలు,
గుంటల్లో నీళ్లు,
ఆ నీళ్ల మీద కెమెరా వెలుగు.

ఇవీ తీసెయ్యాలి.
సాయంత్రం కరెంటు పోయేదాకా చూస్తూ కూర్చున్నాను.