రెడ్ ఆక్సైడ్

డ్రై డాక్‌లో నా పని తుప్పు గీకడం.
ఓడ పొట్ట కింద పరంజా మీద వెల్లకిలా పడుకుని
చిప్పింగ్ సుత్తితో టకటక.
సముద్రం రెండేళ్ళు తిన్నదాన్ని
పదకొండు రోజుల్లో రాల్చాలి.

చేరిన కొత్తలో, తొందరలో,
పొక్కుల మీదే రంగు పూసేశాను.
అప్పలస్వామి బాబాయ్ చూశాడు. తిట్టలేదు.
గోటితో ఒక్కసారి గిల్లాడు.
అరచేతంత రంగు అప్పడంలా ఊడొచ్చింది.
"ఏటిరా గుంటడా, తుప్పుకి చొక్కా తొడిగీసినావా?"

మల్కాపురం చర్చిలో
ఏటా డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి
నేను చేసిందీ అదే.
పన్నెండు కొట్టగానే, కొత్త చొక్కా మడతలతో, మోకాళ్ళ మీద
దేవుడికి పెద్ద పెద్ద చెక్కులు రాసిచ్చేవాణ్ణి.
నాలుగింటికే లేస్తాను, ఏడాదిలో వాక్యమంతా ముగిస్తాను,
నోట బూతు రానివ్వను, కెజియా మీద గొంతు లేపను.
వాగ్దానం కార్డు అందుకుని, కేకు తిని,
ఇంటికొచ్చి బీరువా అద్దానికి అంటించేవాణ్ణి,
నిరుటి కార్డు జిగురు మరక మీదే.
ఫిబ్రవరికల్లా, గుడారపు తెరల కొలతల దగ్గర,
ఎన్ని మూరలో ఎన్ని కొలుకులో తేలక
పేజీల మధ్య రిబ్బను నిద్రపోయేది.
మార్చిలో గొంతు లేచేది.

పోయిన ఏడు చెక్కులేమీ రాయలేదు.
సింథియా దగ్గర ఆరుంపావు బస్సు
ఏనాడూ ఆరుంపావుకి రాదు.
ఆ ఆలస్యం దేవుడికిచ్చాను.
టీ చల్లారేలోగా మూడు వచనాలు,
సెల్లులో, బొటనవేలి గ్రీజు మరకలోంచి.
మూడే. నాలుగోది పిలిచినా ఆపేసేవాణ్ణి,
ఆకలి రేపటికి మిగలాలని.

గీకిన ఇనుము మీద ముందు పూసేది రెడ్ ఆక్సైడ్.
నీళ్ళలోకి దిగాక అది ఎవరికీ కనబడదు.
పైన నల్లరంగు వేస్తారు, తెల్లగా పేరు రాస్తారు,
ఫొటోలు ఆ పేరుకే.

మా ఇంటి గ్రిల్లు గేటు గొళ్ళెం
ఉప్పుగాలికి పట్టేస్తుంది, రెండు చేతులూ పెట్టి లాగాలి.
ఆ లాగే క్షణానికి ఒక చిన్న మాట కట్టుకున్నాను:
"ప్రభువా, లోపల నా వాళ్ళు."
ప్రార్థనో, నాకు నేను చేసుకునే హెచ్చరికో తెలీదు.
మొన్న గొళ్ళేనికి నూనె వేయబోతే
"వద్దులే, అలాగే ఉండనీ" అంది కెజియా.
తనకెలా తెలిసిందో అడగలేదు.

జూలైలో, డబుల్ డ్యూటీ చేసొచ్చిన రాత్రి,
కుళాయి నీళ్ళు పట్టలేదని బిందె తన్నాను.
రోదే నోటుబుక్కు వెనక మొహం దాచుకుంది.
సొట్ట ఇంకా ఉంది.
పాత నేనైతే, సరే, ఈ ఏడూ పోయింది,
డిసెంబరు రానీ, అనేవాణ్ణి.
పొద్దున్న బస్టాపులో సెల్లు తీయడానికే సిగ్గేసింది.
అప్పుడు బాబాయ్ గుర్తొచ్చాడు.
తను బాగుచేసి పంపిన ఓడే మళ్ళీ తుప్పుతో తిరిగొస్తే
మొహం చిట్లించడు.
"వచ్చీసిందా? రానీ" అని పరంజా కడతాడు.
మూడు వచనాలు చదివాను. బస్సు లేటు.
సాయంత్రం కెజియాకి తప్పయిందని చెప్పాను, రోదేకీ చెప్పాను.
బిందెకి కూడా చెప్పాలంది రోదే.
చెప్పాను.

రంగు చూసి మోసపోకు, చెవి పెట్టు, అంటాడు బాబాయ్.
సుత్తి తగిలితే మంచి రేకు ఖంగుమంటుంది,
లోపల తినేసినచోట డొల్లగా పలుకుతుంది.
రాత్రి లైటు ఆర్పాక
రోజంతటినీ అక్కడక్కడా తట్టి చూసుకుంటాను.
ఈరోజు చాలామటుకు ఖంగుమంది.
ఒక్కచోట డొల్ల.
కాన్వెంట్ జంక్షన్‌లో ఆటో అబ్బాయి
నేనిచ్చిన యాభైని వందనుకుని చిల్లరిచ్చాడు.
తెలిసే, ఫోనొచ్చినట్టు నటిస్తూ దిగిపోయాను.
నంబరు చూడలేదు.
వెనక అద్దం మీద నెమలి బొమ్మ,
దానికి ఒక కన్ను చెరిగిపోయి ఉంది.

రేపు ఒక బస్సు ముందు బయల్దేరాలి.