గార

కనిగిరి గెస్టుహౌసు ముందు
అరెకరం పచ్చగడ్డికి
సిలార్ సాయిబు కాలవ తవ్వుతుంటే
గంపలతో మన్ను ఎత్తిపోసింది నేనే.

మోటరు సంగతి నాకు చెప్పబాకన్నాను,
బోరింగు కొట్టీ కొట్టీ నా జబ్బలే మోటర్లు.
నవ్వి, జల్లెడ విప్పి చూపిచ్చాడు.
నీళ్ళల్లో ఇంత ఇసక ఉంటదా!

తర్వాత వాల్వులు, నాలుగు,
గుంటలో పెట్టె, పెట్టెలో పక్కపక్కన.
ఒకటి తెరిస్తే మూడు మూసుకోవాలంట.
అన్నిటికీ ఒక్కసారే వదిలితే
దేనికీ చాలదంట.
మా వీధి కుళాయి సంగతే గదా, అన్నా.

మన్ను కింద తెల్ల పైపు,
దాని మీద జానెడు నిలువు ముక్క,
కొసన తల, తలకో నోరు,
నోట్లో చీపురుపుల్ల దూరేంత బెజ్జం.
ఈ బెజ్జం కోసమా సాయిబూ
ఇంత తవ్వింది?

గోడకి గడియారం పెట్టె.
తెల్లారి నాలుగింటికి, మనిషి లేకుండానే
గడ్డిలోంచి తలలు లేచాయి,
చిక్ చిక్ చిక్ మెడలు తిప్పుకుంటా.
ట్యాంకరు ఎప్పుడొస్తదో తెలీక
నేను బిందెలు వరసలో పెట్టొచ్చా.

మూడో నెలలో ఒక తల తిరగలా.
విప్పితే నోటినిండా గార,
మా పిల్లల పళ్ళ మీద ఉండేదే.
సాయిబుకి ఫోను చేశా.
"నిమ్మరసంలో రాత్రంతా నానెయ్ అంకాలమ్మా,
పొద్దునకి ఊడొస్తది."

ఊడొచ్చింది.
బిగిస్తే ముందు కాస్త ఉమ్మి
ఆనక గొడుగు విప్పినట్టు నీళ్ళు,
నా పైటంతా తడిసింది.

మిగిలిన నిమ్మచెక్క కొంగున కట్టి ఇంటికి తెచ్చా.
మా చిన్నదాని పళ్ళకేసి
చూసి, చూసి
పప్పులో పిండేశా.