ఏడూ నలభై

కుతాయిసి ఆసుపత్రి, రెండో అంతస్తు.
కిటికీ అద్దాల మీద రియోని నది తేమ.
నా బల్ల మీద పదకొండు మంది పిల్లల గీతలు.
ఎవరేం తిన్నారో, ఎవరేం ఉమ్మేశారో
వాళ్ళిళ్ళలోని ఫోన్లు
తెల్లారేసరికి నాకు చేరవేస్తాయి.
బాచానా గీత నాలుగు వారాలు నేల మీదే పాకింది.

ఐదేళ్ళవాడు.
రొట్టె, జున్ను, మళ్ళీ రొట్టె.
పచ్చటిదేదైనా పగవాడే.
చారులో ఒక్క కొత్తిమీర ఆకు తేలినా
గిన్నె మొత్తాన్నీ వెలివేస్తాడు.
తల్లి ఖాతునా నా ఎదురుగా కూర్చుని
చేతిసంచి జిప్పు తీస్తూ, మూస్తూ
"బతిమాలాను, బెదిరించాను, చివరికి ఏడ్చేశాను" అంది
తనమీద మోపిన నేరమేదో
ఒప్పుకుంటున్నట్టు.

ఆమె ఫోన్లో ఒక ముళ్ళపందిని పెట్టిచ్చాను.
పేరు వాడే పెట్టుకున్నాడు, ఏకలి.
మా భాషలో ముల్లు.

మొదటి సాయంత్రం అది అడిగింది:
పాలకూర ఒక ముద్ద తింటావా?
వద్దు.
పోనీ, అర ముద్ద?
వద్దు.
మూడో రోజుకి అది ఇంకాస్త తగ్గింది.
సరిగ్గా అక్కడే మనం గొంతు పెంచుతాం.
నాలిక్కి తాకిస్తావా?
వద్దు.
ఊరికే వాసన చూసి చెప్పు. గడ్డి వాసనా? వాన వాసనా?
వాడు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడట.
"నాన్న బూట్ల వాసన."

ఐదో వారం గీత లేచి నిలబడింది.
ఏకలి వేళలు మార్చి మార్చి చూసింది,
ఆరు, ఆరున్నర, ఏడుంపావు.
చివరికి ఒకచోట కుదురుకుంది:
ఈ బిడ్డకు ఏడూ నలభై అనుకూలం.
కారణం అన్న గడి ఖాళీ.

కారణం పేరు మేరాబ్.
రాత్రిపూట గూడ్సు బండ్ల పెట్టెలు తగిలించే పని.
ఎనిమిదికి బయల్దేరాలి,
ఏడూ నలభైకి గోడకానుకుని నిలబడే తింటాడు,
అక్రోటు ముద్ద కలిపి నూరిన పాలకూర, పైన నాలుగు దానిమ్మ గింజలు,
ఒక చేత్తో రొట్టె, ఇంకో చేత్తో బూటు లేసు.
బూట్లకు నూనె, ఇనుము,
పట్టాల మధ్య మొలిచే గడ్డి.
వాడు కుర్చీ ఎక్కి తండ్రి పళ్ళెంలోంచి
దొంగిలించి తినేవాడు.

అక్టోబరులో మేరాబ్‌ని రెండు వారాలు జెస్తాఫోనికి పంపారు.
నేను గీత పడిపోతుందనుకున్నాను.
పడలేదు. ఎగబాకింది.
తిన్నాడు. తిన్నాడు. అంతా తిన్నాడు.
ఇంత బాగా ఏ బిడ్డా తినడు.
ఖాతునాకు ఫోన్ చేశాను.
"పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంటోంది," అంది,
"ఫోన్ అద్దమే, రోజూ పచ్చగా మరకలు."

వాణ్ణి పిలిపించి అడిగాను. తల దించుకోలేదు.
"నాన్న లేడు కదా. ఏకలికి ఆకలేస్తుంది."

రికార్డు దిద్దాలి, అది నా ఉద్యోగం.
పద్నాలుగు అబద్ధాలు.
కొట్టేయడానికి చెయ్యి రాలేదు.
తిన్నాడు అన్న ప్రతిచోటా
నడుమ రెండక్షరాలు చేర్చాను:
తినిపించాడు.

ఆ సాయంత్రం ఖాతునా ఒక ఫోటో పంపింది.
మొగుడి పాత బూట్లు,
ఆమె పాదాలకు పడవలంత,
గోడకానుకుని నిలబడి ఉంది,
పళ్ళెం ఒక పక్కకు వంగి
అంచు దగ్గర చిన్న చెయ్యొకటి, మసగ్గా.

రాత్రి పదింటికి నా తెర మీద ఏకలి మెరిసింది:
ఈ రోజు మూడు ముద్దలు. కారణం తెలియలేదు.
రేపు ఎనిమిదింటికి అడిగి చూడనా?

నేను కూడా బాచానాలాగే
వద్దన్నాను.