బాన అడుగున

మా నానమ్మ ఎదువీహిస్ నోట అది 'ఎంకలా'.
చివర ఉండాల్సిన 'ర్'ని
ఆలివ్ గింజలా ఎప్పుడో ఉమ్మేసింది.
మా అమ్మ కసిల్దా లా మాంచా మైదానం పిల్ల,
పెట్టెలో నాలుగు దుప్పట్లతో పాటు
'ఎన్‌హల్బెగార్' అనే మాట తెచ్చుకుంది.
రెండూ ఒకటే పని,
గోడకి వెల్ల వేయడం.
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.
తెలిసే పదకొండేళ్లు, ప్రతి మే నెలా, పోట్లాడుకున్నారు.
మున్సిపాలిటీ నోటీసులో మూడో మాట ఉండేది, 'బ్లాంకెయార్'.
దాన్ని మాత్రం ఎవరూ నోట పెట్టలేదు.

ఫౌస్తీనో గాడిద మీద సున్నపురాయి తెచ్చేవాడు.
వీధి మొదట్లో ఒక పేరుతో అరిచి
మా గుమ్మం దగ్గర గొంతు తగ్గించి
ఉత్త 'కాల్, కాల్' అనేవాడు.
బేరం ముఖ్యం కదా.

బానలో నీళ్లు పోస్తే
రాయి బుసకొట్టి, కుతకుత ఉడికి,
తెల్లారేసరికి వెన్నయ్యేది.
నానమ్మ గుప్పెడు ఉప్పు వేసేది.
అమ్మ చిటికెడు నీలిమందు.
"తెల్లదానికి నీలం ఎందుకే?"
"పసుపెక్కకుండా."
"మీ ఊరి గోడలు ఎక్కుతాయేమో. మావి ఎక్కవు."

నా కంట్లో చుక్క పడ్డ రోజు
ఇద్దరూ ఒకే నూనె సీసా కోసం పరిగెత్తారు.
సగంలో ఆగిన గోడ
రెండు రోజులు సగంలోనే ఉంది.

మొన్న గ్యాస్ గొట్టానికని
తాపీమేస్త్రీ ఆ గోడ కోశాడు.
రాయి తగలడానికి ముందు
నా బొటనవేలంత మందాన సున్నమే.
గోరుతో పొరలు లెక్కపెట్టాను,
నలభై దాకా వచ్చి తప్పిపోయాను.
మధ్యలో ఒక సన్నటి బూడిదగీత.
నేను పుట్టకముందు తాత పోతే
మూడేళ్లు కుంచె ముట్టలేదట ఇంట్లో.
దుమ్ము, పొయ్యి పొగ, మూడేళ్ల తాత.

ఆ గీత మీద పొర
లేత నీలం.

నాలుక ఆనించి చూశాను. ఉప్పగానే ఉంది.
అది ఉప్పో, నా చెమటో తెలీదు.
ఇద్దరిలో ఎవరు ముందు కుంచె పట్టారో
ఎవరు బాన పట్టుకున్నారో
నాకెవరూ చెప్పలేదు.

"డబ్బా పెయింట్ వేద్దాం,
పదేళ్లు ఇటు చూడక్కర్లేదు" అన్నాడు మేస్త్రీ.
డబ్బా మీద 'ధ్రువపు తెలుపు' అని రాసుంది.
వద్దన్నాను.
"మరేం చేస్తావమ్మా?"
నోరు తెరిచాను.
రెండు మాటలూ ఒకేసారి లేచి
గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

బాన ఎక్కడుందో చూడ్డానికి
పెరట్లోకి వెళ్లాను.