నీళ్ళు పోసి చూడు

రామతీర్థం కొండ కింద, పొద్దున్నే,
మగ్గుతో నీళ్ళు పోస్తాను రాయి మీద.
పొడిగా ఉంటే అది ఉత్త బూడిద ముద్ద.
తడిస్తే
లోపలి చుక్కలు కళ్ళు తెరుస్తాయి.
మా మేనమామ నేర్పిన చూపు ఇది.
ఈ చూపునే ఏడేళ్ళు
సముద్రం అవతల, షియామెన్ పక్కన షుయ్‌టౌలో,
అద్దెకిచ్చి బతికాను.

అక్కడ నా ఉద్యోగమేందో
చీమకుర్తిలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.
"ఎక్స్‌పోర్ట్ సైడు" అన్నాను. అబద్ధం కాదు గదా.
మా ఊరి నుంచి ఓడ దిగిన ప్రతి దిమ్మెకీ
వంక పెట్టడం నా పని.
వెంట్రుక పగులు. తెల్ల గీత. మూల విరుగు.
చుక్క పలచన.
ఒక్కో వంకకి చెన్ మేడం
మీటరుకి ఇన్ని డాలర్లని కోసేది.
ఇంటి గుట్టు ఇంటోడికే తెలుస్తుందని
నన్ను పెట్టుకుంది. తెలివిగలది.

గదిలో నాతో షావో లియూ,
హునాన్ నుంచి వచ్చిన రంపం మిషను కుర్రాడు.
ఆ ఊరి యాస వాడికీ అర్థమయ్యేది కాదు,
అందుకే ఇద్దరం కుదిరాం.
ఒకే మాటని నాలుగు రకాలుగా సాగదీసి
నాలుగూ నేను తప్పు పలికితే
నవ్వీ నవ్వీ వాడికి పొరబోయేది.
నేను కందిపొడి డబ్బా మూత తీస్తే
లేచి కిటికీ తీసేవాడు.
మూడో నెల్లో గిన్నె జాపాడు.

వీధి పొడుగునా రంపాల రొద.
కాలవల్లో తెల్లగా రాతిపాలు.
ఉతికి ఆరేసిన చొక్కా సాయంత్రానికి
నిలబెడితే నిలబడేది.
తుపాను సైరన్ మోగితే మిషన్లు ఆగేవి,
అప్పుడు మాత్రం సముద్రం వినపడేది.
మా కొత్తపట్నం సముద్రం గొంతు కాదది.
సముద్రమంతా ఒకటేననేవాళ్ళు
రెండు ఒడ్డుల్లోనూ జీతానికి పనిచేసుండరు.

ఒకరోజు యార్డులో, వానలో,
దిమ్మె మీద ఎర్రరంగు అంకెలు.
ఏడుకి నడుంపట్టీ, తొమ్మిదికి తోక ఎడం పక్కకి.
మస్తాన్ రాత.
ఒకే పలక మీద ఎక్కాలు రాసినోళ్ళం.
బూదవాడ క్వారీలో వాడు వంగి రాసిన అంకె
వీసా లేకుండా వచ్చి నా ముందు నిలబడింది.
నీళ్ళు పొయ్యక్కర్లేదు, వాన పోస్తానే ఉంది.
చుక్కలు వెలుగుతానే ఉన్నాయి.
మూల నుంచి జానెడు లోపలికి
ఒక వెంట్రుక.
చెన్ మేడం గొడుగు కింద నుంచి అడిగింది:
ఉందా, లేదా?

ఉందన్నాను.

పదకొండు డాలర్లు.
ఆ నెల మస్తాన్‌కి ఎంత కోశారో నేనడగలేదు.
వాడూ చెప్పలేదు.
ఫోన్లో "ఏందబ్బయ్యా, చైనా ఎట్టుంది?" అనేవాడు.
"బానే ఉంది" అనేవాణ్ణి.

ఇప్పుడు వచ్చేశాను. క్వారీ తరఫున ఉన్నాను.
షావో లియూ వాళ్ళూళ్ళో నూడుల్స్ కొట్టు పెట్టి
ఫొటో పంపాడు.
గల్లాపెట్టె పక్కన నా కందిపొడి డబ్బా,
నిండా పుల్లలు గుచ్చి.

ఈ ఏడు మా రాతికి వంక పెట్టడానికి
ఒక పిల్లాడొచ్చాడు. పేరు వెయ్.
"ఏం వెయ్యాలి సారూ" అని కూలోళ్ళు నవ్వుతారు,
ఎందుకో తెలీకుండా వాడూ నవ్వుతాడు.
ఒంగోలు కర్నూలు రోడ్డులో లాడ్జి.
ఎండకి మెడ కమిలిపోయింది.
మెస్సులో గోంగూర గిన్నె వస్తే
కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.
మూడో నెల రానీ.

తాగే నీళ్ళ సీసా రాయి మీద ఒంపబోతుంటే
ఆపి, మగ్గు చేతికిచ్చాను.
"ఉందా?" అన్నాను వాడి మాటలో.
ఈసారి గొంతు సరిగ్గానే లేచినట్టుంది,
ఉలిక్కిపడి చూశాడు.
తడి మీద వాడి వేలు నడుస్తా నడుస్తా
ఒక మూల దగ్గర ఆగింది.
నేను చూశాను.
వెనక రంగు డబ్బాతో మస్తానూ చూశాడు.

ఎండకి తడి అంచుల నుంచి ఆరతా వస్తోంది.

"నంబరు వెయ్యమంటావా?" అన్నాడు మస్తాన్.
ఎవరినడిగాడో తెలియలేదు.